మా వీధి గానుగ నూనె: ఏళ్ల తరబడి వాడాక

అనంతపురంలో మా వీధి చివర చిన్న గానుగ ఉంది. చాలా ఏళ్లుగా మా ఇంట్లో వంటంతా అక్కడ ఆడించిన బుడ్డల (వేరుశనగ) నూనెతోనే. ఎవరొచ్చినా ముందు ధరే అడుగుతారు కాబట్టి అక్కడే మొదలుపెడతాను.

రిఫైన్డ్ ప్యాకెట్ కన్నా ఇది లీటరుకు వంద రూపాయలకు పైగానే ఎక్కువ. ఎందుకో గానుగ దగ్గర కాసేపు నిలబడితే తెలుస్తుంది. లీటరు నూనె దిగాలంటే దాదాపు 2.5 కిలోల గింజలు పోయాలి. కొయ్య రోకలి నిదానంగా తిరుగుతుంది, నూనె పెద్దగా వేడెక్కదు. అయితే గింజలో ఉన్నదంతా దిగదు, నూనె తీశాక మిగిలే పిప్పిలో, అంటే చెక్కలో, కొంత ఉండిపోతుంది. ఆ చెక్కను పాలవాళ్లు ఎనుములకు కొనుక్కుపోతారు.

గింజలూ దూరం నుంచి రావు. చుట్టుపక్కల మెట్ట చేలల్లో పండినవే, ఎక్కువగా కదిరి పరిశోధన కేంద్రం ఇచ్చిన కే-6 రకం. అంటే నేనిచ్చే డబ్బులో పెద్ద వాటా ఆ గింజలకే, మిగతాది గానుగ ఆయనకు, ఆయన దగ్గర పనిచేసేవాళ్లకు. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలవగానే పొద్దుతిరుగుడు నూనె ధర ఎంత ఎగిరిందో గుర్తుండే ఉంటుంది. వానను నమ్ముకుని బుడ్డలు వేసే జిల్లాలో ఉంటూ ఎక్కడి నుంచో వచ్చిన పామాయిల్ కొనడానికి నాకు మనసొప్పదు.

ఒకసారి నూనె చేదుగా తగిలింది. డబ్బా తీసుకెళ్లి చెబితే ఆయన కాస్త నాలుకకు రాసుకుని చూసి, వెంటనే గింజల మూట కింద పోయించారు. అడుగున ముక్కిపోయిన గింజలున్నాయి. ఆ మూట పక్కన పెట్టించి, నాకు వేరే నూనె ఇచ్చి, ఆ రోజు తీసుకెళ్లిన మిగతా ఇళ్లకూ తనే కబురు పంపారు. ప్యాకెట్ మీది నంబరుకు ఫోన్ చేస్తే ఇంత పని జరుగుతుందని నేననుకోను. ఆయనకు మేమందరం రోజూ ఎదురుపడే మనుషులం.

తాళింపుకు, ఉగ్గానికి, పొడుల్లో కలుపుకోవడానికి దీన్ని మించింది లేదు. పూరీలు, బజ్జీలకు మాత్రం నురగ పొంగుతుంది, పెద్ద బాండలి పెట్టుకోవాలి. అడుగున మడ్డి చేరుతుంది, దాన్ని చూసి కల్తీ అనుకోవద్దు. మూడు నెలలు దాటితే వాసన మారుతుంది, అందుకే స్టీలు డబ్బాలో, వెలుతురు తగలని చోట కొంచెం కొంచెంగానే నిల్వ పెట్టుకోవాలి. కరెంటు లేని రోజు నూనె దొరకకపోవచ్చు, టెన్షన్ లేకుండా ఉండాలంటే డబ్బా ఖాళీ కాకముందే వెళ్లాలి.

గానుగ అని బోర్డు ఉన్న ప్రతి కొట్టులోనూ గానుగ తిరగదు. కళ్ల ముందు ఆడిస్తున్నారో లేదో చూసి కొనండి. గింజలు మీరే తీసుకెళ్తే కూలి తీసుకుని ఆడించి ఇస్తారు, చెక్క కూడా మీదే. దీపావళి దాటాక కొత్త కాయ ఉంటుంది, మొదటిసారి కొనేవాళ్లు అప్పుడు వెళ్తే మంచిది.