నాలుగు చలికాలాలు వాడిన చేతి జీపీఎస్: దాని బాణంతో నా పేచీ

మంచు పడ్డ పార్కులో జియోక్యాచింగ్ (ఎవరో దాచిన డబ్బాను జీపీఎస్ సాయంతో, బయటివాళ్ళకు తెలియకుండా వెతికి పట్టుకునే ఆట) కోసం నాలుగు చలికాలాలుగా ఇదే చేతి జీపీఎస్ వాడుతున్నాను. బటన్లు నొక్కే రకం, రెండు ఏఏ బ్యాటరీలు వేసుకోవాలి, టచ్‌స్క్రీన్ లేదు. మిగతా వివరాలు అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నా గొడవంతా దిక్కు చూపించే ఆ బాణంతోనే.

ముందు మంచి మాట చెప్పేస్తాను. చలిలో బటన్లను మించిన సుఖం లేదు. ఫోనైతే ప్రతిసారీ గ్లవ్ పళ్ళతో పట్టి లాగాలి, తెర మీద పడ్డ మంచు బొట్టుకి మ్యాపు దానంతటదే ఎటో జరిగిపోతుంది, ఇరవై శాతం ఛార్జింగ్ ఉందనుకున్నది చలికి ఉన్నపళంగా ఆరిపోతుంది. దీనికి ఆ బాధలు లేవు. మొదటి ఏడాది "ఇది చలికి చలించదు" అని అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. ఆ మాట ఇప్పుడు సగం వెనక్కి తీసుకుంటున్నాను.

రెండో చలికాలంలో ఒక ఉదయం. డబ్బా ఇంకా నలభై రెండు మీటర్లుందని చూపిస్తూ తెర నల్లబడిపోయింది. అందులో వేసినవి మామూలు ఆల్కలైన్ బ్యాటరీలు. లోపలున్న ద్రవం చలికి మందగిస్తే అవి కరెంటు ఇవ్వలేవు, నిజానికి అయిపోయినట్టు కాదు. ఆ సంగతి తెలిసినవాణ్ణే కాబట్టి వాటిని చంకలో పెట్టుకుని పది నిమిషాలు గంతులేశాను. మళ్ళీ వేస్తే వెలిగింది. మహా తెలివైనవాణ్ణని మురిసిపోయాను. అసలు కథ అక్కడే మొదలైంది.

బాణం ఎడమవైపు చూపించింది, ఎడమకు వెళ్ళాను. దూరం నలభై రెండు నుంచి నలభై ఆరైంది. కొమ్మల మధ్య సిగ్నల్ ఎగిరిందేమో అనుకుని ఇంకో పది అడుగులు వేశాను, యాభై. ఆగితే బాణం నింపాదిగా తిరిగి నా వెనక్కి చూపించింది. వెనక్కి నడిస్తే కుడికి. మోకాలి లోతు మంచులో ఇరవై నిమిషాలు తిరిగి, చివరికి కింద చూస్తే ఒక పెద్ద చెట్టు చుట్టూ గానుగెద్దు తిరిగినట్టు నా అడుగులే గుండ్రంగా ఉన్నాయి. కుక్కను తిప్పుతున్న పెద్దాయన ఒకరు ఆగి, ఏమైనా పారేసుకున్నారా అని అడిగారు. తాళంచెవి అన్నాను. ఆయన పాపం నాతోపాటు ఐదు నిమిషాలు వెతికారు. (ఈ ఆటలో నేను ఆడినన్ని అబద్ధాలు ఇంకెక్కడా ఆడలేదు.)

తప్పు ఎక్కడుందో ఇంటికొచ్చి మాన్యువల్ తిప్పాక తెలిసింది. ఇందులోది అయస్కాంతపు దిక్సూచి. బ్యాటరీలు మార్చిన ప్రతిసారీ, వాతావరణం బాగా మారినప్పుడూ దాన్ని మళ్ళీ క్యాలిబ్రేట్ చేయాలట, అంటే దిక్కు సరిచూపేలా సరిదిద్దాలట. అది అర నిమిషం పని, తెర మీద చెప్పినట్టు పరికరాన్ని చేతిలో తిప్పితే సరిపోతుంది. మరి బ్యాటరీ మార్చానని దానికి తెలియదా? వెలగగానే ఒక్క ముక్క "నన్ను నమ్మకు, ముందు తిప్పు" అని చూపిస్తే ఏం పోయింది? నాలుగేళ్ళుగా నా కడుపుమంట అదే. బాణం తప్పు చూపించినా ఫరవాలేదు, అంత ధీమాగా చూపిస్తుందే, అదే భరించలేను.

దూరం అంకె మాత్రం ఆ ఉదయమంతా నిజమే చెప్పింది. దానికి దిక్సూచితో పనిలేదు, ఉపగ్రహాల లెక్కే. 2000 మే మొదట్లో అమెరికా ప్రభుత్వం పౌరుల సిగ్నల్లో కావాలని కలిపే పొరపాటును ఆపేసింది. అదే నెల మూడో తారీఖున ఒరెగాన్‌లో ఈ ఆటలో మొట్టమొదటి డబ్బాగా ఒక బకెట్ దాచారు. అంటే ఈ ఆట పుట్టిందే ఆ అంకె మీద నమ్మకంతో. ఇప్పుడు దిక్సూచి ఆపేసి, అంకె తగ్గుతున్న వైపే నడుస్తాను. అలా ఆపితే నడిచేటప్పుడు బాణం కదలికను బట్టి దిక్కు చెబుతుంది, నిలబడితే దానికి దిక్కు తోచదు. అది నాకు ఇష్టమే, తెలియనప్పుడు తెలియనట్టే ఉంటుంది.

ఇంకో సవరణ కూడా ఉంది. మొదటి చలికాలంలో మూడు మీటర్ల లోపు కచ్చితత్వం అని పొగిడాను. ఎండాకాలంలో అదే డబ్బాకు వెళ్తే పది మీటర్ల దాకా అటూ ఇటూ ఊగింది. తడి ఆకులు సిగ్నల్‌ను మింగేస్తాయి. చలికాలంలో ఆకులన్నీ రాలిపోతాయి, పైన ఆకాశం తెరిచినట్టుంటుంది. నేను పొగిడింది చాలావరకు మోడు చెట్లనన్నమాట.

ఆ రోజు డబ్బా దొరికింది లెండి. సూచనలో "పడిపోయిన మాను కింద" అని ఉంది. మంచు కప్పాక ఏది మాను, ఏది బండ, ఏది బెంచీ? మూడో దిబ్బ తవ్వితే మూత కనిపించింది, గడ్డకట్టి రాలేదు. రెండు అరచేతుల మధ్య పట్టుకుని వేడి చేశాక వచ్చింది. లోపల లాగ్ కాగితం (దొరికినవాళ్ళు పేరు రాసేది) తడిసి రేకులా బిగిసింది, బాల్ పెన్ను గీత పడలేదు, పెన్సిలు ముక్కతో పేరు రాశాను. తిరిగి వస్తూ చూస్తే నా అడుగులు నేరుగా ఆ దిబ్బ దగ్గర ఆగి వెనక్కి తిరిగాయి, ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది. మళ్ళీ వెనక్కి వెళ్ళి ఇంకో నాలుగు దిబ్బల దాకా ఊరికే నడిచి వచ్చాను.

కొనాలా వద్దా అంటే, నేను ఒంటరిగా వెళ్తాను, చేతులకు చలి తట్టుకోలేను, మందపాటి గ్లవ్స్ తీయను. నాకు ఇదే కావాలి. లిథియం ఏఏలు వేసుకుంటాను, అవి మైనస్ నలభై దాకా పనిచేస్తాయి. సెట్టింగ్స్‌లో బ్యాటరీ రకం మార్చకపోతే ఛార్జి గుర్తు తప్పు చూపిస్తుంది, మార్చినా చివరిదాకా నిండుగా కనిపించి ఒక్కసారిగా పడిపోతుంది. పొద్దున ఒకటో రెండో డబ్బాలు చూసుకుని వచ్చేసేవాళ్ళకైతే లోపలి జేబులో వెచ్చగా పెట్టుకున్న ఫోనే చాలనుకుంటాను. నా దానికి ఈ మధ్య పవర్ బటన్ మీది రబ్బరు చిరిగింది, టేపు అంటించాను. ఈ చలికాలం గడిస్తే అప్పుడు చూద్దాం.