‘ఇతరులు’ అని నమోదైన రికార్డు: మూడున్నరేళ్ల వాడకం తర్వాత

మా ఆసుపత్రిలో ఎలక్ట్రానిక్ హెల్త్ రికార్డుల సాఫ్ట్‌వేర్ మొదలై మూడున్నరేళ్లయింది. బిల్లులు, మందుల చీటీలు, అపాయింట్‌మెంట్ల సంగతి వాడేవారందరికీ తెలిసిందే కనుక వాటి జోలికి వెళ్లను. విజయవాడలో జనరల్ మెడిసిన్ ఓపీ చూసే వైద్యురాలిగా నేను రాయదలచుకున్నది ఒక్క విషయమే: రోగి జెండర్‌ను ఈ సాఫ్ట్‌వేర్ ఎలా నమోదు చేసుకుంటుంది, ఆ తర్వాత దాన్ని ఏం చేస్తుంది.

పాత సాఫ్ట్‌వేర్‌లో ఇందుకు ఒకే గడి ఉండేది. కొత్తదానిలో గుర్తింపు కార్డులోని జెండర్, రోగి స్వయంగా చెప్పిన జెండర్, పిలవాల్సిన పేరు అని మూడు గడులున్నాయి. మూడో గడి చేసిన మేలు నేను కళ్లారా చూశాను. చాలా ఏళ్లుగా షుగర్‌కు నా దగ్గర మందులు వాడుతున్న ఒక ట్రాన్స్ మహిళను అటెండర్ కార్డులోని మగపేరుతో గట్టిగా పిలిస్తే హాలంతా తల తిప్పి చూసేది. ఆ పిలుపు వినలేక ఆవిడ బయట టీకొట్టు దగ్గర నిలబడి, టోకెన్లన్నీ అయ్యాక వచ్చేవారు. టోకెన్ బోర్డు మీద తను చెప్పుకున్న పేరు కనబడిన మొదటిరోజు ముందు వరుసలోంచి లేచి వచ్చి, “ఇవాళ నా వంతుకే వచ్చాను మేడం” అన్నారు. శస్త్రచికిత్స జరగాలన్న షరతు లేకుండా ఎవరి జెండర్‌ను వారే చెప్పుకునే హక్కు ఉందని సుప్రీంకోర్టు నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) వేసిన కేసులో 2014 ఏప్రిల్ 15న తీర్పు చెప్పింది. అది మా రిజిస్ట్రేషన్ కౌంటర్ దాకా రావడానికి ఒక గడి అవసరమైంది.

మొదటి ఏడాది చివర ఆసుపత్రి యాజమాన్యం అభిప్రాయం అడిగితే ఈ ఏర్పాటును మనస్ఫూర్తిగా మెచ్చుకుంటూ రాసి ఇచ్చాను. అందులో కొంత ఇప్పుడు సవరించుకోవాలి.

2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం ప్రకారం ఆవిడ జాతీయ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకుని, జిల్లా మేజిస్ట్రేట్ ఇచ్చే గుర్తింపు పత్రం తీసుకుని, దానితో ఆధార్‌లో పేరు, జెండర్ మార్పించుకున్నారు. సంతోషంగా కార్డు తెచ్చి కౌంటర్‌లో ఇస్తే మా సిబ్బంది రికార్డు సరిచేశారు. ఆధార్‌లోని ‘ట్రాన్స్‌జెండర్’ మా సాఫ్ట్‌వేర్‌లో ‘ఇతరులు’ అయింది. ఆ నెల మామూలు పరీక్షల్లో ఆవిడ హిమోగ్లోబిన్ 10.1 వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన మగవారిలో 13, గర్భిణులు కాని స్త్రీలలో 12 కంటే తక్కువైతే రక్తహీనత. ఏ లెక్కన చూసినా ఆవిడకు రక్తహీనత ఉన్నట్టే. కానీ రిపోర్టులో ఆ అంకె పక్కన నార్మల్ రేంజ్ ఉండాల్సిన చోట ఖాళీ వచ్చింది. పోల్చడానికి రేంజ్ లేదు కాబట్టి ఎరుపు గుర్తు పడలేదు, ఎరుపు గుర్తు లేదు కాబట్టి ఆ రిపోర్టు నా తెరమీద పైకి రాలేదు. రోజుకు అరవై రిపోర్టులు చూసే నేను ఎరుపు ఉన్నవాటినే తెరిచాను. ఆ తప్పులో నా వంతు నాదే.

రెండున్నర నెలల తర్వాత మెట్లెక్కితే ఆయాసమంటూ వచ్చారు. కింది కనురెప్ప తీసి చూస్తే లోపల తెల్లగా పాలిపోయి ఉంది. హిమోగ్లోబిన్ 7.4. మొలల నుంచి ఎంతో కాలంగా రక్తం పోతున్నా సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదట. కార్డులో ‘పురుషుడు’ అని ఉన్నన్నాళ్లూ ఆవిడ రిపోర్టులో రేంజ్ సక్రమంగా అచ్చయింది. కార్డు ఆవిడకు తగ్గట్టు మారిన రోజే అది మాయమైంది. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

సాఫ్ట్‌వేర్ సంస్థవారు చెప్పిన కారణం చిన్నది: ల్యాబ్ పట్టికలో ‘పురుషుడు’, ‘స్త్రీ’ అన్న వరుసలే ఉన్నాయి, ‘ఇతరులు’ అన్న వరుస లేదు. ఆవిడ స్వయంగా ‘స్త్రీ’ అని చెప్పిన గడి అసలు ల్యాబ్ దాకా వెళ్లడమే లేదు. ఆరోగ్య రికార్డులను కలిపే మన ప్రభుత్వ పథకం ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్, ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి వాటిని పంపడానికి వాడే ఫైర్ (FHIR) ప్రమాణంలో రోగి జెండర్‌కు పురుషుడు, స్త్రీ, ఇతరులు, తెలియదు అని నాలుగే విలువలు, అవీ పరిపాలనా అవసరాలకు ఉద్దేశించినవి. రోగి చెప్పుకున్న జెండర్‌ను అదనపు అంశంగా జతచేయాలి, అందుకునే వ్యవస్థకు అది అర్థం కాకపోతే పక్కన పెట్టేయవచ్చు. ఈ ప్రమాణాన్ని తయారుచేసిన హెచ్ఎల్7 సంస్థే 2021లో జెండర్ హార్మొనీ పేరుతో ప్రచురించిన నమూనాలో, మనిషి గుర్తింపు వేరు, ఒక పరీక్షకో చికిత్సకో శరీరాన్ని ఏ లెక్కన చూడాలన్నది వేరు అని విడదీసి, రెండోదాన్ని వైద్యుడు రాసే ఆయా పరీక్ష ఆర్డర్‌తో జతచేసే దారి చూపించింది. మా సాఫ్ట్‌వేర్ కౌంటర్ దగ్గర విడదీసింది కానీ ల్యాబ్ గుమ్మంలో మళ్లీ కలిపేసింది.

ఆ విడదీత ఎందుకు కావాలో కిడ్నీ పరీక్షలో ఇంకా బాగా తెలుస్తుంది. నలభై ఏళ్ల మనిషికి రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపే వ్యర్థం) 1.2 ఉంటే, దాన్నుంచి కిడ్నీల పనితీరు లెక్కగట్టే 2021 నాటి సీకేడీ–ఎపి సూత్రం పురుషుడి లెక్కన కిడ్నీల వడపోత నిమిషానికి సుమారు 78 మిల్లీలీటర్లు అంటుంది, స్త్రీ లెక్కన 59 అంటుంది. హార్మోన్లు వాడేవారికి ఎప్పటినుంచి వాడుతున్నారో, కండ ఎంత ఉందో చూసి వైద్యుడే నిర్ణయించాలి. ఆ నిర్ణయం రాసే చోటు నా తెరమీద లేదు.

మేం గొడవ పెట్టాక, ‘ఇతరులు’ అని ఉన్న రికార్డులకు రక్తపరీక్షలో రెండు రేంజ్‌లూ అచ్చువేసి, రెండింటిలో దేనికి బయట ఉన్నా ఎరుపు గుర్తు పెట్టేలా మార్చారు. కిడ్నీ పరీక్షకు ఆ సవరణ ఇంకా రాలేదు. పేరు గడి విషయంలోనూ నా మెప్పుదల కొంత తగ్గించుకోవాలి: టోకెన్ బోర్డు వరకు బాగానే ఉంది కానీ, కార్డు ఇంకా మార్చుకోనివారికి ఫార్మసీ కవరు మీద పాత పేరే పడుతోంది, మందులిచ్చేటప్పుడు దాన్నే పిలుస్తున్నారు.

మళ్లీ ఇదే కొంటారా అని తోటి వైద్యులు అడుగుతున్నారు. మా కౌంటర్‌లో రోగిని పక్కకు పిలిచి నెమ్మదిగా అడిగే తీరిక, ఓర్పు ఉన్న సిబ్బంది ఉన్నారు కాబట్టి మాకు ఇది ఉపయోగపడింది. ఒకే మనిషి వందమందిని నమోదు చేసే చోట, క్యూలో అందరి ముందూ ఆ ప్రశ్న అడగాల్సి వచ్చేచోట ఇలాగే ఉంటుందని చెప్పలేను. కొనేవారు మాత్రం ‘ఇతరులు’ అని ఒక నమూనా రోగిని నమోదు చేసి, ల్యాబ్ రిపోర్టు అచ్చు తీయించి, రేంజ్ పడిందో లేదో ముందే చూసుకోవాలి. ఆవిడ హిమోగ్లోబిన్ ఇప్పుడు 11.8కి వచ్చింది. ఎరుపు గుర్తు ఉన్నా లేకపోయినా ఆవిడ రిపోర్టు నేనే తెరిచి చూస్తున్నాను.