రాజమండ్రి నుంచి తిరుపతి: గాల్లో రెండున్నర గంటలు, దారిలో పదకొండు

రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడి నుంచి తిరుపతి పక్కనున్న రేణిగుంట విమానాశ్రయానికి సూటిగా కొలిస్తే 460 కిలోమీటర్లు. మేం వెళ్ళిన రోజుకి నేరుగా విమానం లేదు, హైదరాబాద్ మీదుగానే వెళ్ళాలి. శంషాబాద్‌కి 360, అక్కడి నుంచి రేణిగుంటకి మరో 420. దక్షిణానికి పోవాల్సినవాళ్ళం ముందు పడమటికి పోయి, అక్కణ్ణుంచి కిందికి దిగాం. 460 కాస్తా 780 అయింది.

అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. రాత్రంతా రైల్లో ఆవిడ ఇబ్బంది పడతారని మా వారు పట్టుబట్టి విమానం టికెట్లు తీశారు. మనిషికి 6,840 రూపాయలు. దానవాయిపేటలో ఉదయం ఏడున్నరకి బయల్దేరాం, మధురపూడికి కారు 700. చిన్న ఏటీఆర్ విమానం, మెట్లు నాలుగైదే కాబట్టి ఆవిడ తేలిగ్గానే ఎక్కారు. పదకొండు కాకముందే శంషాబాద్‌లో దిగాం.

కష్టమంతా అక్కడే. వీల్‌చైర్ కావాలని బుకింగ్‌లోనే రాశాం, మధురపూడి కౌంటర్లో మళ్ళీ చెప్పాం. దిగాక "పది నిమిషాల్లో వస్తుంది మేడమ్" అన్నారు. నలభై నిమిషాలు ఆవిణ్ణి నిలబెట్టారు. చివరికి కుర్చీ తెచ్చిన అబ్బాయి సెక్యూరిటీ దాటించి, రెండో విమానానికి వేరే మనిషి వస్తాడని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ మనిషి రానేలేదు. రెండున్నర విమానం మూడు యాభైకి మారింది, గేటూ మారింది. కొత్త గేటు దాకా డెబ్భై రెండేళ్ళ మనిషి నడిచారు. మా వారు కౌంటర్ దగ్గర గొంతు పెంచితే, "గొడవెందుకు నాన్నా, నెమ్మదిగా నడుస్తాలే" అని ఆవిడే సర్దిచెప్పారు. నాకు మాత్రం ఇప్పటికీ మండుతూనే ఉంది. డబ్బు తీసుకుని మాటిచ్చిన సేవ అది, దయతో చేసేది కాదు. పెరుగన్నం, ఇడ్లీ, మూడు కాఫీలకి 1,130 అయ్యాయి. పెరుగన్నం పుల్లగా ఉందని ఆవిడ రెండు ముద్దలతో ఆపేశారు.

ఐదింటికి రేణిగుంట. అక్కడి నుంచి తిరుపతి ఊళ్ళోకి పదిహేను కిలోమీటర్లు కూడా లేదు, కారుకి 1,400 అడిగారు. బేరమాడితే 900కి ఒప్పుకున్నారు. గదికి చేరేసరికి ఆరూ ఇరవై.

మర్నాడు 300 రూపాయల దర్శనం బాగా జరిగింది. వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో వేడన్నం, సాంబారు కడుపునిండా తిన్నాక అత్తయ్యగారి మొహం కళకళలాడింది. శంషాబాద్‌లో వదిలేసిన ఆకలి అక్కడ తీరింది.

తిరుగు ప్రయాణం శేషాద్రి ఎక్స్‌ప్రెస్, థర్డ్ ఏసీ. ముగ్గురికీ మూడు వేలు కాలేదు. కింది బెర్తు దొరికింది, ఆవిడ హాయిగా నిద్రపోయారు. సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి రాజమండ్రి. రైలుకీ దాదాపు అన్ని గంటలే పట్టింది, కానీ పగలు మాకే మిగిలింది.

నేరుగా విమానం ఉన్న రోజు దొరికితే తప్పకుండా ఎక్కండి, గంటన్నర లోపే దిగిపోతారు. హైదరాబాద్ మీదుగా అయితే, అందులోనూ పెద్దవాళ్ళు వెంట ఉంటే, వద్దే వద్దు. తప్పనిసరైతే రెండు విమానాలకీ వీల్‌చైర్ నమోదైందో లేదో మొదటి కౌంటర్లోనే విడివిడిగా రాయించుకోండి. రేణిగుంటలో కారుకి 900 కన్నా పైసా ఎక్కువ ఇవ్వకండి.