డికెన్స్ "ఒరిజినల్ ఎన్‌గ్రేవింగ్" కొనబోతున్నారా, ఆగండి

పాత ఎన్‌గ్రేవింగ్స్ (చెక్క మీదో లోహపు ప్లేట్ మీదో చెక్కి అచ్చేసిన బొమ్మలు) ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళంతా ఒకసారి ఇది చదవండి. ఇంగ్లిష్ నవలా రచయిత చార్లెస్ డికెన్స్ ఖాళీ కుర్చీ బొమ్మ చాలామందికి తెలిసే ఉంటుంది, 1870 జూన్ 9న ఆయన పోయాక కెంట్‌లోని గ్యాడ్స్ హిల్ ఇంట్లో ఆయన రాసుకునే గదిని ల్యూక్ ఫైల్డ్స్ గీశాడు, అదే ఏడాది 'ది గ్రాఫిక్' పత్రిక క్రిస్మస్ సంచికలో ఉడ్ ఎన్‌గ్రేవింగ్‌గా వచ్చింది. "ఒరిజినల్ 1870, సర్టిఫికెట్ ఉంది" అని ఒక సెల్లర్ పెడితే 14 వేలు పోసి తెప్పించా, షిప్పింగ్ వేరే. వచ్చింది ప్రింటర్‌లో తీసిన కాపీ!

నగల షాపుల్లో వాడే చిన్న భూతద్దం పెట్టి చూడగానే బండారం బయటపడింది. కుర్చీ చేతి దగ్గర నీడ గీతలుగా లేదు, అన్నీ రంగురంగుల చుక్కలే. అసలుదైతే ఒక్కో గీతా నిండు నలుపుతో తెగ్గొట్టినట్టు కనబడాలి, పైగా అప్పట్లో చిన్న చిన్న చెక్క దిమ్మలు బోల్టులతో బిగించి పెద్ద బొమ్మ చేసేవాళ్ళు కాబట్టి కొన్నిటిలో అతుకుల దగ్గర సన్నటి తెల్ల గీత కూడా దొరుకుతుంది.

ఇంకో తెలివితక్కువ పని ఏం చేశారంటే, పాతదిలా కనబడాలని బొమ్మ చుట్టూ ప్లేట్ గుర్తు నొక్కారు, లిస్టింగ్‌లో దాని గురించి గొప్పలు కూడా. అరె, ఆ గుర్తు పడేది రాగి, స్టీలు ప్లేట్లతో అచ్చేసిన వాటికి, గట్టి ప్రెస్‌లో ప్లేట్ అంచు తడి కాగితంలోకి దిగబడి వస్తుంది. పత్రికలో వేసింది చెక్క దిమ్మతో, అక్షరాల లాగే పైభాగానికి ఇంకు రాసి అచ్చేస్తారు, దానికి ఆ గుర్తు ఎక్కడిది?

నోట్లు చెక్ చేసే యూవీ లైట్ వేస్తే కాగితం నీలంగా మెరిసిపోయింది, అలా మెరిసే మందు కాగితాల్లో కలపడం 20వ శతాబ్దం వ్యవహారం. పైన టీ డికాషన్ పూశారేమో, మధ్యలో అంచుల్లో ఒకటే రంగు, దానంతటది పాతబడిన కాగితం అలా ఉండదు. వెనక ఖాళీగా ఉండటం మాత్రం ప్రూఫ్ కాదు, పత్రిక సప్లిమెంట్లు కొన్ని ఒకవైపే అచ్చేసేవాళ్ళు, కాబట్టి దాన్ని పట్టుకుని వాదించొద్దు. సర్టిఫికెట్ అంటారా, సెల్లరే టైప్ చేసి సెల్లరే సంతకం పెట్టుకున్న కాగితం అది, దానికి నా దగ్గర విలువ లేదు.

రిఫండ్ అడిగితే "డెకరేషన్ ఐటమ్ అని కింద రాశాం కదా" అంటున్నాడు, నిజమే, డిస్క్రిప్షన్ అట్టడుగున ఉంది. పేమెంట్ సైట్‌లో కేస్ వేశా, ఇంకా తేలలేదు. మీరు ఎవరి దగ్గర కొన్నా డబ్బు కట్టకముందే ఒక మూల దగ్గరగా తీసిన ఫోటో, వెనకవైపు ఫోటో అడగండి, పంపకుండా సాగదీస్తే వదిలేయండి.

అన్నట్టు అతను ఇదే బొమ్మ మళ్ళీ అమ్మకానికి పెట్టాడు. కుడివైపు కింద మూలలో గోధుమ రంగు మరక, నాకొచ్చిన దాని మీద కూడా అదే చోట అదే ఆకారంలో ఉంది. ఆ మరక ఉన్న లిస్టింగ్ ఎక్కడ కనబడినా రిపోర్ట్ కొట్టండి.