నలుగురు కలిసి నాసి కందర్: అన్నం ఎవరిది వాళ్లకి, ముక్కలు అందరికీ

కౌలాలంపూర్‌లోనూ పెనాంగ్‌లోనూ ఎనిమిదేళ్లుగా గుంపుగా వెళ్లి నాసి కందర్ తింటున్న అనుభవంతో రాస్తున్న సమీక్ష ఇది. పంచుకుని తినడానికి ఇంత బాగుండే భోజనం మలేషియాలో నాకు ఇంకోటి కనబడలేదు. కాకపోతే అడిగే పద్ధతి తెలియాలి. తెలియకపోతే అన్నం ముద్దవుతుంది, కోడి వేపుడు నానిపోతుంది, బిల్లు చూసి గుండె గుభేలుమంటుంది.

నాసి అంటే అన్నం, కందర్ అంటే మన కావడి. పెనాంగ్‌లో తమిళ ముస్లింలు అన్నం, కూరలు కావడిలో మోసుకొచ్చి రేవు కూలీలకు అమ్మిన తిండి ఇది. ఇప్పుడు కావడి పోయి స్టీలు ట్రేలు వరసగా కూర్చున్నాయి. రెండు మూడు కూరల పులుసులు కలిపి అన్నం మీద పోయడమే దీని ప్రాణం. పులుసును ‘కువా’ అంటారు, కలిపి పొయ్యమంటే ‘చంపూర్’, అన్నం మునిగేలా పొయ్యమంటే ‘బాంజిర్’, అంటే వరద.

ఈ వరదను మాత్రం పంచుకోలేం. పులుసు పడ్డ పది నిమిషాలకే అన్నం మెత్తబడిపోతుంది. అందుకని అన్నం, పులుసు ఎవరి పళ్లెంలో వాళ్లకి. ముక్కలు మాత్రం ‘లావుక్ ఆసింగ్’ అని చెప్పి రెండు ఖాళీ పళ్లాల్లో విడిగా పెట్టించుకోవాలి. అప్పడాలు ఇంకో పళ్లెంలో ఉండాలి. చెప్పకపోతే అన్నం మీదే పెట్టేస్తారు, పైనుంచి పులుసు పోస్తారు, కరకర అక్కడితో సరి.

మొదటిసారి తినేవాళ్లు చేపల పులుసు, కోడికూర పులుసు, కాస్త పప్పు కలిపించుకుంటే చాలు. నాలుగో గరిటె పడిందంటే చేపల పులుసులోని చింతపండు రుచి పోతుంది. సోయా వేసిన కోడి ‘కిచాప్’ తియ్యగా ఉంటుంది, దాని పులుసు అరగరిటె మించనివ్వొద్దు.

నలుగురికి మాకు కుదిరిన లెక్క: రెండు నిండు అన్నాలు, రెండు సగం అన్నాలు (‘సెపారో’ అనాలి), ఒక చేప తలకాయ, రెండు కోడి ముక్కలు, ఒక గరిటె సోతోంగ్ అంటే స్క్విడ్, రెండు ఉప్పుగుడ్లు (ఉప్పులో ఊరేసిన గుడ్లు) సగానికి కోసి, బెండకాయలు, క్యాబేజీ. బెండకాయని అక్కడ ‘బెండి’ అనే అంటారు. ఉప్పుగుడ్డు మనిషికి సగం దాటితే ఇంక మిగతా రుచులేవీ తెలియవు.

చేప తలకాయను తిరగేసి పంచాలి. దవడ పక్కన బుగ్గలో రెండు మెత్తటి ముద్దలుంటాయి, వాటిని ముందు చెంచాతో లేపండి. తర్వాత మెడ దగ్గరి కండ వస్తుంది. ఎముకల సందుల్లోది చేత్తో తీయాల్సిందే, కనుక అది చివరికి, ఓపికున్నవాళ్లకి. వడ్డించుకోవడానికి వేరే చెంచాలు వాళ్లంతట వాళ్లు ఇవ్వరు. కూర్చునే ముందే నాలుగు తెచ్చుకోండి, లేదంటే అంతా ఎంగిలే.

ధర అడగాల్సింది ముక్క పళ్లెంలో పడక ముందే. ‘బెరాపా?’ అంటే ఎంత అని. పులుసు తగిలిన ముక్కను వెనక్కి తీసుకోరు. పెద్ద రొయ్యలు, స్క్విడ్, చేప గుడ్లు, తలకాయ: బిల్లు పెరిగేది ఈ నాలుగింటి దగ్గరే. అన్నీ ఒకే చీటీ మీద రాయించుకుని అక్కడే చూసుకోండి. తిన్నాక ఏ ముక్క ఎవరిదో చెప్పడం వాళ్లకూ కష్టమే.

మన వాళ్లకు ముఖ్యమైన సంగతి ఇంకోటి. ఈ కొట్లలో ‘డాగింగ్’ అంటే గొడ్డు మాంసం, ‘కాంబింగ్’ అంటే మేక. ‘చంపూర్’ అని అడిగితే అందులో గొడ్డు మాంసం పులుసు కూడా పడొచ్చు. వద్దనుకుంటే ‘కువా డాగింగ్ తా మావు’ అని ముందే చెప్పాలి. చెప్పినా ఒకే గరిటె రెండు ట్రేలలో తిరుగుతుంది. అంత పట్టింపు ఉన్నవాళ్లకీ, శాకాహారులకీ ఈ కొట్లు నేను సిఫారసు చెయ్యను. కూరగాయల్లోనూ ఎండు రొయ్యలు తగలొచ్చు. వాళ్లతో వెళ్లేటప్పుడు అరటాకు భోజనం పెట్టే శాకాహార హోటలే మంచిది.

తే తారిక్ అంటే అక్కడి నురగ పాల టీ. అందులో తియ్యటి గట్టిపాలు (కండెన్స్‌డ్ మిల్క్) పోస్తారు, అందుకని చక్కెర వద్దన్నా తీపి పోదు. తీపి అక్కర్లేదంటే ‘తే సీ కొసోంగ్’ అనాలి. కారం మీద నాకు నచ్చేది నిమ్మకాయ పిండిన ఐస్ టీ, ‘తే ఓ ఐస్ లిమావు’.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ చాలా కొట్లు కాసేపు ఆగుతాయి. రంజాన్ నెలలో పగలు చాలావరకు మూసే ఉంటాయి. మామూలు రోజుల్లో పన్నెండుకల్లా వెళ్తే తలకాయ దొరుకుతుంది, రెండింటికి వెళ్తే తోక ముక్కలే. మిగిలింది కట్టించుకోవాలంటే ‘బుంగ్‌కుస్’ అనండి. పులుసు వేరే సంచీలో కట్టించుకుని ఇంటికెళ్లగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి, ఆ ఎండలకు సాయంత్రం దాకా నిలవదు.