క్రెడిట్ స్కోరు యాప్: ఏడాది వాడాక నాకు తెలిసింది

లోన్ రిజెక్ట్ అయిన రోజు రాత్రి టెన్షన్‌తో ఈ యాప్ వేసుకున్నాను. పేరు రాయడం లేదు.

ముందు మంచి చెబుతాను. స్కోరు ఒక్కటే కాదు, మొత్తం రిపోర్టు, ఏ నెల వాయిదా ఎప్పుడు కట్టామో సహా చూపిస్తుంది. అలా చూస్తుంటే ఎప్పుడో తీర్చేసిన లోన్ ఒకటి ఇంకా బాకీ ఉన్నట్టే కనిపించింది! లోన్ మూసేసినప్పుడు ఇచ్చిన లెటర్ వెతికి తీసి, ఫోటో పెట్టి, యాప్ నుంచే ఫిర్యాదు చేస్తే కొన్ని వారాలకు సరిచేశారు. ఈ ఒక్క పనికే యాప్ వేసుకోవచ్చు. మన రిపోర్టు మనం ఎన్నిసార్లు చూసుకున్నా స్కోరు తగ్గదు, ఆ భయం వద్దు.

నాకు కోపం తెప్పించింది నోటిఫికేషన్లు. స్కోరు పచ్చరంగులోకి రాగానే "మీకు లోన్ ఖాయం" అని వచ్చింది, నమ్మి అప్లై చేశాను, మళ్లీ కాదన్నారు. అక్కడి ఆఫీసర్ ఓపిగ్గా కూర్చోబెట్టి నా బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో రెండు చోట్ల పెన్సిల్‌తో సున్నా చుట్టారు, ఖాతాలో డబ్బు లేక ఆటో డెబిట్ వెనక్కి పోయిన తేదీలవి. రెండు రోజుల్లో కట్టేశాను కాబట్టి రిపోర్టులో ఆలస్యంగా పడలేదు, స్టేట్‌మెంట్‌లో మాత్రం దొరికిపోయింది. ఆ తర్వాత నా జీతం, కట్టే వాయిదాలు పక్కపక్కనే రాశారు. దాదాపు సగం వాయిదాలకే పోతోంది.

అసలు స్కోరులో జీతం లెక్కే ఉండదని నాకప్పుడే తెలిసింది. 1989 నుంచి ఉన్న, అమెరికాలో ఎక్కువగా వాడే క్రెడిట్ స్కోరు ఫైకో (FICO)నే చూడండి, 35 శాతం పాత చెల్లింపులు, 30 శాతం ఇప్పుడున్న బాకీలు, 15 శాతం ఖాతాల వయసు, మిగతా 20 శాతం కొత్త అప్పులు, అప్పుల రకాలు. కట్టే స్తోమత ఉందా లేదా అన్నది అప్పిచ్చేవాళ్లు విడిగా, జీతం కాగితాలు, స్టేట్‌మెంట్లు చూసుకుని తేల్చుకుంటారు. మరి యాప్ ఏ లెక్కన ఖాయం అంటుంది?

ఇంకో ఘోరం, రిజెక్ట్ అయిన మర్నాడే వేరే లెండర్ల పేర్లు వరసగా చూపించి అప్లై నొక్కమంది. వారంలో మూడు నొక్కాను. ప్రతిదీ రిపోర్టులో ఎంక్వైరీగా, అంటే అప్పు అడిగినట్టుగా నమోదైంది, స్కోరు కాస్త తగ్గింది, పైగా అప్పు కోసం అందరి దగ్గరికీ తిరుగుతున్నానని ఎవరు చూసినా తెలిసిపోతుంది. బటన్ పక్కన ఒక్క ముక్క రాస్తే ఏం పోయింది?

5కి 3 ఇస్తాను, ఆ మూడూ రిపోర్టుకే. నోటిఫికేషన్లు ఆపేశాను. నాకున్న చిన్న లోన్ వచ్చే నెల తీరిపోతుంది, అప్పటిదాకా ఎక్కడా అప్లై చేయను.