హెడ్జ్‌హాగ్ గూటికి ఏది మేలు: హీటింగ్ ప్యాడా, సిరామిక్ హీటరా?

అమెరికాలో స్థిరపడిన మన కుటుంబాల్లో పిల్లలు హెడ్జ్‌హాగ్ (వీపు నిండా ముళ్లుండే చిన్న జంతువు) కావాలని మారాం చేస్తుంటే, ముందుగా చూసుకోవలసింది మీరున్న చోటి చట్టం. కాలిఫోర్నియా, జార్జియా, పెన్సిల్వేనియా, హవాయి రాష్ట్రాల్లోనూ, న్యూయార్క్ నగరంలోనూ దాన్ని పెంచుకోవడానికి వీల్లేదు. ఆ చిక్కు లేనివారు దుకాణానికి వెళ్లగానే చిన్న చిన్న గుడిసెలు, సొరంగాలు, బొమ్మలు కొనేస్తారు. ఆ డబ్బు ముందు వెచ్చదనం మీద పెట్టండి, మిగతావి మెల్లగా కొనుక్కోవచ్చు.

ఎందుకంటే ఇళ్లలో పెంచేది ఆఫ్రికా జాతి హెడ్జ్‌హాగ్. యూరప్ తోటల్లో తిరిగే దాని బంధువు చలికాలమంతా నిద్రపోయి వసంతంలో లేస్తుంది. ఇంట్లో పెరిగేది మాత్రం ఆ నిద్రను తట్టుకోలేదు. చల్లబడితే మగతలోకి జారుకుంటుంది, సమయానికి ఎవరూ గమనించకపోతే ప్రాణమే పోవచ్చు. గూట్లో 75 నుంచి 80 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 24 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. మనం స్వెటర్ వేసుకుని హాయిగా కూర్చునే 68 డిగ్రీల హాలు దానికి చలే.

హీటింగ్ ప్యాడ్ చవక, అమర్చడమూ తేలిక. కానీ అది నేలను వేడి చేస్తుంది తప్ప గూట్లోని గాలిని కాదు. జంతువు ప్యాడ్ మీద పడుకున్నంత సేపే వెచ్చదనం. దాని పొట్ట మీద ముళ్లుండవు, మెత్తటి బొచ్చే ఉంటుంది. ప్యాడ్ అతిగా వేడెక్కితే ఆ పొట్టే కాలుతుంది. వెలుగునిచ్చే వేడి బల్బు ఇంకా తప్పు, రాత్రిపూట తిరిగే ప్రాణికి రాత్రే లేకుండా చేస్తుంది. గదంతా వేడిచేసే హీటర్ పనిచేస్తుంది గానీ కరెంటు బిల్లు మోయాలి.

నా ఓటు సిరామిక్ హీటర్‌కే. చూడటానికి బల్బులా ఉంటుంది, వెలుగు రాదు, వేడి మాత్రమే వస్తుంది. పై నుంచి గూడంతా వెచ్చబడుతుంది. అయితే దాన్ని థర్మోస్టాట్ (వేడి సరిపోగానే హీటర్‌ను ఆపే పరికరం) లేకుండా ఒక్క రాత్రి కూడా వాడవద్దు. వేడిని పసిగట్టే థర్మోస్టాట్ తీగ కొనను జంతువు తిరిగే ఎత్తులోనే ఉంచాలి. పైన కట్టేస్తే పై వేడిని చూసి హీటర్ ఆగిపోతుంది, కింద చలి చలిగానే ఉంటుంది. హోల్డర్ పింగాణీది కావాలి, ప్లాస్టిక్‌ది ఆ వేడికి కరిగిపోతుంది. హీటర్ జంతువుకు అందని ఎత్తులో ఉండాలి, హెడ్జ్‌హాగ్‌లు ఎక్కడంలో మొండివి. విడిగా ఒక థర్మామీటర్ కూడా పెట్టుకోండి.

అరచేతిలోకి తీసుకున్నప్పుడు పొట్ట చల్లగా తగిలినా, నడక తూలినా, చలికి లొంగిపోతోందని అర్థం. వేడినీళ్లలో ముంచవద్దు. మీ చొక్కా లోపల, ఒంటికి ఆనించి నెమ్మదిగా వెచ్చబరుస్తూనే పశువైద్యుడికి ఫోను చేయండి. కుక్కలు, పిల్లులు కాక ఇలాంటి జంతువులను చూసే వైద్యుడు దగ్గర్లో ఎవరున్నారో ముందే తెలుసుకుని ఉంచుకోవాలి.

ఇక గూట్లో కింద పరిచే పరుపు సంగతి. దేవదారు రకపు చెక్క పొట్టు వద్దేవద్దు. ఆ ఘాటైన నూనెలు ఊపిరితిత్తులకు చేటు. కాగితపు పరుపు తడిని బాగా పీలుస్తుంది, అందులో దూరి ఆడుకోవడానికీ బాగుంటుంది. కానీ ఎప్పటికప్పుడు కొంటూనే ఉండాలి. కొత్తగా పెంచేవారికి నేను ఫ్లీస్ గుడ్డనే సూచిస్తాను. ఉతికి వాడుకోవచ్చు, పైగా దాని మీద మలం స్పష్టంగా కనిపిస్తుంది. అది ఒకటి రెండు రోజులకు మించి ఆకుపచ్చగా కనిపిస్తే వైద్యుడికి చూపించాలి. అంచులు కుట్టి ఉన్న గుడ్డే తీసుకోండి, ఊడిన దారం కాలికి చుట్టుకుంటే రక్తప్రసరణ ఆగిపోతుంది.

అది పరుగెత్తడానికి గూట్లో పెట్టే చక్రం విషయంలో రెండో ఆలోచన అక్కర్లేదు. తీగల చక్రంలో కాళ్లు ఇరుక్కుంటాయి. నున్నటి నేల ఉన్న, కనీసం 11 అంగుళాల చక్రం కావాలి. చిన్నదైతే నడుము వంచుకుని పరుగెత్తాల్సి వస్తుంది.

తిండికి మాంసకృత్తులు ఎక్కువ, కొవ్వు తక్కువ ఉన్న పిల్లి ఆహారం మంచి ఆధారం. పురుగులను కొద్దిగా చేర్చండి. పురుగులే పూర్తి భోజనమైతే బంతిలా ఉబ్బిపోతుంది, చివరికి ముడుచుకోలేని స్థితికి వస్తుంది. పాలు, ద్రాక్ష, ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్ దగ్గరికి రానివ్వవద్దు. కొత్త వాసన తగిలితే నోట నురగ తెచ్చుకుని నాలుకతో ముళ్లకు పూసుకుంటుంది. అది చూసి జబ్బేమోనని కంగారు పడకండి, దాని సహజ గుణమే అది.

జంటగా పెంచుదామా అని అడిగేవారికి ఒకటే చెబుతాను. ఇది ఒంటరి జీవి. రెండింటిని ఒకే గూట్లో పెడితే కొట్టుకుంటాయి.

పరుగెడుతూనే మలవిసర్జన చేస్తుంది కాబట్టి చక్రాన్ని రోజూ కడగాలి. వంటగది సింకులో మాత్రం కడగవద్దు. హెడ్జ్‌హాగ్‌ల నుంచి మనుషులకు సాల్మొనెల్లా సోకిన ఉదంతాలను అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2019లో పలు రాష్ట్రాల్లో నమోదు చేసింది. పిల్లలు దాన్ని ముద్దు పెట్టుకోకుండా, పట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కునేలా చూడండి.